ఫస్టొచ్చిన నెత్తురు

నర్సింగ్ చదివే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు ఫోన్లు చూసుకుని, చివరికి మొక్కు తీర్చుకున్నట్టు ఒక ప్రశ్న అడుగుతారు. మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది అని. వాళ్లు ఏం ఆశిస్తారో నాకు తెలుసు. జోరు వానలో కొండమీద పోసిన పురుడు గురించి చెబుతానని. పురుళ్లు చాలానే పోశాను. వాటివల్ల నాకు మిగిలింది నడుం నొప్పి. నేను మరిచిపోలేని రోజు మా డాక్టరుగారి నెత్తిన కుండెడు పేడనీళ్లు కుమ్మరించిన రోజు. ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

పిల్లలు నమ్మరు. ముసలావిడ ఏదో కోసేస్తోందని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను.

రిటైరవడానికి ముందు నా ఆఖరి పోస్టింగు అరకు వైపు, కొండమీద ఒక ఆసుపత్రిలో. సికిల్ సెల్ రోగుల వార్డు నాది. మీరు పుస్తకంలో చదివే ఉంటారు కాబట్టి ఎక్కువ చెప్పను. అమ్మానాన్నల నుంచి పుట్టుకతో వచ్చే రక్తహీనత అది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఒళ్లు నొప్పులు, కీళ్ల నొప్పులు వస్తాయి కాబట్టి అందరూ దాన్ని నొప్పుల జబ్బు అనుకుంటారు. అసలు దొంగపని రక్తనాళాల లోపల జరుగుతుంది. ఆ వంకర కణాలు పోతూ పోతూ నాళం లోపలి పొరను గీరుకుంటూ పోతాయి. గీరిన చోటల్లా వాపు వస్తుంది, జలుబు చేస్తే గొంతు లోపల వాచినట్టే. వాచినకొద్దీ దారి ఇరుకవుతుంది. అదే మెదడుకు వెళ్లే నాళంలో అయిందంటే, ఆడుకుంటున్న పిల్ల ఆడుకుంటూనే ఒక పక్కకి పడిపోతుంది. పక్షవాతం ముసలివాళ్ల జబ్బని ఎవరు చెప్పారో గానీ, నేను పలక పట్టే వయసు పిల్లాడికి చూశాను. ఆ పిల్లాడి సంగతి ఇక్కడ రాయను. రాస్తే ఇక మీరు నవ్వలేరు.

మా డాక్టరుగారు కుర్రాడు, నా కొడుకు వయసు. అయినా డాక్టరు కాబట్టి 'గారు' తప్పదు. మనిషి బంగారం. ఒక్కటే లోపం. రోగులతో మాట్లాడేటప్పుడు తెలుగు వాచకం మింగినట్టు మాట్లాడేవారు. మూత్రవిసర్జన సుగమంగా జరుగుతున్నదా అని అడిగితే, మా కొండ తాత నా వైపు తిరిగి ఏటంటన్నాడమ్మా ఈ బాబు అనేవాడు. ఆయన మాటలు విడమరిచి చెప్పడం కూడా నా డ్యూటీలో భాగం.

ఆ ఏడు మాకొక మిషన్ వచ్చింది. కణత దగ్గర చల్లటి జిగురు రాసి, పెన్నులాంటి దాన్ని ఆనిస్తే, మెదడుకు వెళ్లే నాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో అంకె చూపిస్తుంది, చప్పుడు కూడా వినిపిస్తుంది. వేగం గీత దాటిందంటే నాళం ఇరుకైందన్నమాట. పక్షవాతం రాకముందే పట్టుకోవచ్చు. డాక్టరుగారు ఆ మిషన్‌ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు క్యాంపు పెట్టారు. నేనూ, మిషన్ నడిపే టెక్నీషియనూ కూడా వెళ్లాం.

అక్కడ మొదటి ఇబ్బంది వచ్చింది. ఆ మిషన్ పెడితే తలలో అనుకునేదంతా బయటికి వచ్చేస్తుందని పిల్లల్లో ఎవరో పుకారు లేపారు. వార్డెన్ గురించి ఎవరేమనుకుంటున్నారో వార్డెన్ ఎదురుగానే వినిపించేస్తుందట. ఇంకేముంది, ఒక్క పిల్ల కూడా కుర్చీలో కూర్చోదు. సికిల్ సెల్ ఉన్న పిల్లలైతే మరుగుదొడ్ల వెనక దాక్కున్నారు. డాక్టరుగారు బతిమాలి బతిమాలి, తల పట్టుకుని, టీ తాగడానికి వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే ఆటల మేష్టారు రంగంలోకి దిగారు. ఆయనకి ప్రపంచంలో ఏ సమస్యకైనా ఒకటే మందు, పోటీ. ఎవరి తలకాయలో నెత్తురు అందరికంటే స్పీడుగా పరిగెడుతుందో వాళ్లకి ఫస్టు ప్రైజు అని ఈల ఊదారు. మా టెక్నీషియన్ కూడా సరేనంటే సరేనన్నాడు. జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ తోసుకుంటూ వరస కట్టారు. మేష్టారు బోర్డు మీద పేర్లూ అంకెలూ రాయడం మొదలెట్టారు. నేను ఇంకో గదిలో పిల్లల బరువులు చూస్తున్నాను. చప్పట్లు వినిపిస్తే, అబ్బ, ఎంత బాగా సహకరిస్తున్నారో అని మురిసిపోయాను.

డాక్టరుగారు తిరిగొచ్చేసరికి ప్రైజు ఇవ్వడం కూడా అయిపోయింది. నాలుగో తరగతి గుంట ఒకతె, మా సికిల్ సెల్ పిల్లల్లోదే, సన్నగా పుల్లలా ఉంటుంది, కొత్త స్కిప్పింగ్ తాడు మెడలో వేసుకుని బల్లమీద నిలబడి ఉంది. కింద అందరూ చప్పట్లు కొడుతున్నారు. డాక్టరుగారు బోర్డు మీద అంకె చూశారు. పిల్లని చూశారు. మళ్లీ అంకె చూశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తానే స్వయంగా మళ్లీ పరీక్ష చేశారు. అదే అంకె. గీత దాటి చాలా దూరం పోయింది.

చికిత్స ఉంది. నెలనెలా ఆసుపత్రికి తెచ్చి మంచి రక్తం ఎక్కించాలి, నొప్పులకి ముందునుంచీ వేసుకుంటున్న క్యాప్సూళ్లు మానకూడదు. వంకర కణాల వంతు తగ్గితే నాళం మీద రాపిడి తగ్గుతుంది. ఎంత బేగి మొదలుపెడితే అంత మంచిది. తండ్రికి కబురు పెట్టాం. ఆయన కొండమీంచి దిగి వచ్చాడు. కాఫీ, మిరియాలు పండించే రైతు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఎందుకంటే ఆటల మేష్టారు అప్పటికే ఫోన్ చేసి మీ అమ్మాయి ఫస్టు వచ్చిందని చెప్పేశారు.

డాక్టరుగారు ఆయన్ని కూర్చోబెట్టి, రక్తనాళాంతర కుడ్యమునందలి శోథ గురించి చెప్పారు. ఆయన మర్యాదగా తలూపుతూ విన్నాడు. తర్వాత నేను మామూలు మాటల్లో చెప్పాను. అదీ విన్నాడు. విని, నవ్వి, నన్ను పక్కకి పిలిచి, "అందర్నీ పరీచ్చ సేసి మీరే ఫస్టు ఇచ్చినారు. ఇప్పుడు మందెట్టి లాస్టు సేసేత్తారేటి, సిస్టరమ్మా?" అన్నాడు.

ఆయన వాదనలో తప్పు ఎక్కడుందో మీరు చెప్పండి చూద్దాం. క్యాప్సూళ్లు మొదలుపెట్టాక పిల్లకి నొప్పులు లేవు. తింటోంది, గెంతుతోంది. నెత్తురు స్పీడుగా పరిగెడుతోందని బోర్డు మీద రాసి, చప్పట్లు కొట్టి, తాడు కూడా ఇచ్చాం. అదే జబ్బని ఇప్పుడు మేమే అంటున్నాం. నేనైనా నమ్మను. పైగా విత్తులు చల్లే ముందు చేసుకునే ఇటుకల పండుగ దగ్గర పడింది. పండుగ అయ్యాక చూద్దాంలే అని కూతుర్ని వెంటబెట్టుకుని కొండెక్కిపోయాడు. ఆటల మేష్టార్ని నేను ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చులో వెయ్యరు.

డాక్టరుగారికి అన్నం సహించలేదు. వార్డులో తిరుగుతూ, పండుగ అయ్యేలోపు ఏమైనా అయితేనో, సిస్టర్, అని చెవిలో జోరీగలా ఒకటే గొడవ. చివరికి సరిగ్గా పండుగలో మగాళ్లంతా వేటకి వెళ్లే రోజున జీపు తియ్యమన్నారు. డ్రైవరు మా ప్రాంతం వాడే. ఈ రోజు వద్దు బాబూ, వేట రోజు మగాళ్లు ఆ ఊళ్లో అడుగు పెట్టకపోతేనే మంచిది అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎందుకని డాక్టరుగారు అడగలేదు. డ్రైవరు కూడా చెప్పలేదు, ముసిముసిగా నవ్వి తాళాలు అందుకున్నాడు.

అనంతగిరి దాటి, తారురోడ్డు వదిలేసి, మట్టిదారిలో ఎక్కుతున్నాం. ఊరి ముందర దారికి అడ్డంగా వెదురుబొంగు, దాని వెనక ఊళ్లో ఉన్న ఆడవాళ్లంతా. ఆ పండుగలో దారి ఆడవాళ్లది. వచ్చే బండిని ఆపి, పాట పాడి, పండుగ మామూలు పుచ్చుకుని గానీ వదలరు. డాక్టరుగారు తల బయటపెట్టి ఇది గవర్నమెంటు బండి అన్నారు. అయితే గవర్నమెంటు రెండింతలు ఇవ్వాలని ఒక ముసలమ్మ తేల్చేసింది. ఇచ్చి దిగాం.

ఆ బొంగు పట్టుకున్నవాళ్లలో పిల్ల తల్లి కూడా ఉంది. మాట తక్కువ మనిషి. పెనిమిటి తెల్లారకముందే వేటకి పోయాడని చెప్పింది. ఇప్పుడు అడవిలో వేటాడటానికి ఏముంది, అటవీశాఖ వాళ్లు ఊరుకోనూ ఊరుకోరు. మహా అయితే ఓ అడవికోడి. అయినా వెళ్లాలి, అది విత్తనాల పండుగ, వేట లేకుండా విత్తు చల్లరు. డాక్టరుగారు వాచీ చూసుకుని, నేను అడవిలోకే వెళ్లి ఆయనతో మాట్లాడతాను, దారి చూపించు పద అని డ్రైవర్ని లేవదీశారు.

ఆడవాళ్లంతా ఒకళ్లనొకళ్లు గిల్లుకుని నవ్వడం మొదలెట్టారు. అప్పుడు ఆ ముసలమ్మ నా చెవిలో సంగతి చెప్పింది. వేట రోజు అడవిలోకి వెళ్లిన మగాడెవడైనా వేటగాడే. ఏదో ఒకటి పట్టుకుని రావాలి. ఉత్త చేతులతో వస్తే ఊరి మొదట్లోనే పేడనీళ్లు. డాక్టరుగార్ని వెనక్కి పిలవడానికి నాకు బోలెడంత టైముంది. నేను పిలవలేదు. బాగా ఎండగా ఉంది, గొంతు పెగల్లేదు అని ఆయనకి తర్వాత చెప్పాను.

మగవాళ్లు పోయాక ఊరు హాయిగా ఉంది. నాకు చోడి అంబలి, అదే రాగి జావ, పోశారు. పిల్ల నా ఎదురుగా తాడు గెంతి చూపిస్తోంది. గెంతుతూ గెంతుతూ తాడు ఒక కొస వదిలేసింది. మళ్లీ తీసుకోబోయింది, ఎడమచేతి వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి దులుపుకుని, కుడిచేత్తో ఎడమచేతిని రుద్దుకుని, కాసేపటికి మళ్లీ మామూలుగా తాడు పట్టుకుంది. ఇలా ఎప్పుడైనా అయిందా అని తల్లిని అడిగాను. ఈ మద్దెన అప్పుడప్పుడు సెయ్యి తిమ్మిరెక్కుతాది, తాడు ఎక్కువ గెంతుతాది గదా అంది ఆవిడ.

అది తాడు గెంతడం వల్ల వచ్చిన తిమ్మిరి కాదు. పెద్దది వచ్చే ముందు చిన్నగా వచ్చే హెచ్చరిక. అంబలి గిన్నె కింద పెట్టేశాను. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? కొడవలి కణాలు, వాపులు, ఆ మాటలన్నీ ఆవిడ పెనిమిటికి చెప్పి ఓడిపోయినవే.

పక్కనే ఊటనీళ్ల పైపు ఉంది. కొండమీది ఊట నుంచి గొట్టం వేసి ఊళ్లోకి తెచ్చుకున్నారు. కుళాయి లేదు, నీళ్లు ఊరికే పోతుంటాయి, ఆడవాళ్లు బిందెలు పెట్టుకుంటారు. నేను లేచి పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టాను. నీళ్లు చివ్వున ఎగిరి అవతల కూర్చున్న ముసలమ్మ మీద పడ్డాయి. ముసలమ్మ నన్ను తిట్టింది. తిట్టనిచ్చి, తల్లిని అడిగాను.

"ఇప్పుడు నీళ్లు స్పీడుగా పోతన్నాయా, ముందా?"

"ఇప్పుడే."

"బిందె ఎప్పుడు బేగి నిండుతాది?"

ఆవిడ నా వంక చూసింది. తను వచ్చి పైపుకి వేలు అడ్డం పెట్టింది. బిందె జరిపి చూసింది. వేలు తీసింది, మళ్లీ పెట్టింది. రోజూ నీళ్లు పట్టే మనిషికి ఆ జవాబు నేను చెప్పక్కర్లేదు. వేలు పెడితే జోరెక్కువ, నీళ్లు తక్కువ. నీ కూతురి తలకాయలోకి పోయే గొట్టం లోపల వాచిపోయి ఇలాగే ఇరుకైంది, అందుకే ఆ స్పీడు, మేష్టారు చప్పట్లు కొట్టించింది దీనికే, గొట్టం మూసుకుపోతే ఆ చెయ్యి ఇక లేవదు అని చెప్పాను. ఆవిడ కూతుర్ని పైపు దగ్గరికి పిలిచి, ఆ ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసింది.

పొద్దు వాలుతుండగా వేటగాళ్లు దిగారు. ముందు నడిచేవాళ్లలో ఒకడి చేతిలో అడవికోడి ఉంది, వాడికి దారి ఇచ్చారు. తక్కినవాళ్లంతా తలలు దించుకుని వస్తున్నారు. వాళ్ల వెనక మా డాక్టరుగారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, ఒక చెప్పు చేతిలో ఉంది. పక్కన మా డ్రైవరు చెయ్యి పైకెత్తి ఏదో చూపిస్తున్నాడు. కొండవాగు గెడ్డలో పట్టిన పీత. పీత వేట కిందికి వస్తుందా రాదా అని ఆడవాళ్లు చర్చ పెట్టి, కాళ్లున్నాయి కాబట్టి వస్తుందని తేల్చి, వాణ్ని పొడిగా వదిలేశారు.

ఆ ఊళ్లో పద్ధతేమిటంటే, ఏ ఇంటి మగాడికి ఆ ఇంటి ఆడది పోయాలి. వరసగా కుమ్మరింపులు మొదలయ్యాయి. పిల్ల తండ్రి తన భార్య ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు, ఆవిడ ఏ మాత్రం దయ చూపించలేదు. తర్వాత డాక్టరుగారి వంతు. ఆయన ఏ ఇంటి మగాడు? ఆసుపత్రి మగాడు. ఆసుపత్రి ఆడది ఎవరు? ముసలమ్మ నా చేతిలో కుండ పెట్టింది. ఆయన నన్ను చూసి, సిస్టర్, ఇదేమిటి, వద్దు, నేను ఉన్నతాధికారులకు నివేదిస్తాను అంటున్నారు. ఏం చెయ్యను, ఊరి పద్ధతి. ఒక్క క్షణం ఆయన నాకు వేసిన నైట్ డ్యూటీలన్నీ వరసగా గుర్తొచ్చాయి. తర్వాత కుండ ఖాళీగా ఉంది.

నవ్వులు ఇంకా ఆగలేదు. పిల్ల తల్లి కూతుర్ని చంకనెత్తుకుని అందరి మధ్యలోకి వచ్చింది. అంత తక్కువ మాట్లాడే మనిషి ఊరంతా వినేట్టు చెప్పింది.

"గుంటని ఆస్పత్రికి తీసుకెల్తన్నాను. ఈ జీపులోనే."

తండ్రి మొహమ్మీద కారుతున్న పేడ తుడుచుకుని ఏదో అనబోయాడు. ఆవిడ ఆపేసింది. "ఉత్త సేతుల్తో ఒచ్చినోడికి ఈ పూట మాట నేదు."

ఊరి ఆడవాళ్లంతా అవునన్నారు. ముసలమ్మ అందరికంటే గట్టిగా అంది. వేట తప్పిన మగాడు ఆ పూట ఆడదానికి ఎదురు చెప్పకూడదు, అది ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ మనిషి నోరు మూసుకున్నాడు. ఇక్కడ మా డాక్టరుగారు ఆనందం పట్టలేక, శభాష్, తల్లీ, నేను కూడా అదే విషయాన్ని, అని అందుకోబోయారు.

"నువ్వూ మాటాడకు బాబూ. నువ్వేటి తెచ్చినావు?" అంది ఆవిడ.

ఆయన కూడా నోరు మూసుకున్నారు. ఆయన చదివిన చదువుకి అంత చక్కగా ఊరుకోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

జీపులో ఆయన్ని వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టాం. ఘాట్ రోడ్డు దిగినంతసేపూ పిల్ల ముక్కు మూసుకుని కిలకిలా నవ్వుతూనే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఎవర్రా నువ్వు అని ఆయన్ని ఆపేశాడు. కడుక్కుని వచ్చి, జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతుండగానే, పిల్లకి సూది పెట్టి రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. సీసా చుక్క చుక్క దిగుతుంటే ఆయన కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు. వాసన ఇంకా వస్తోంది, అయినా నేను లేవమనలేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు. నాతో మాట్లాడకుండా సరాసరి ల్యాబుకి పోయి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నా నెత్తురు తియ్యండి, ఎంత కావాలంటే అంత తియ్యండి అన్నాడు. ఆ రక్తం ఈ పిల్లకి పనికిరాదు. తల్లిలో సగం, తండ్రిలో సగం ఉన్న జబ్బే రెండూ కలిసి పిల్లకి వచ్చింది. ఆయన ఒంట్లో సగం దాగి ఉంది, ఆయనకే తెలీదు. ఆ మాట చెప్పడం నా వంతు అయింది. ఆ మనిషి వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. మడిచిన చొక్కా చెయ్యి అలాగే ఉంది. నా బిడ్డకి నా నెత్తురు పనికిరాదా అని నన్ను కాదు, ఎవర్నో అడిగాడు. పేడనీళ్లకి వంగని మనిషి అక్కడ వంగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

తర్వాతి నెలలో ఆటల మేష్టారి గ్రూపు పిల్లకి కలిసింది. పరీక్షలన్నీ చేసి, జబ్బు లేదని తేల్చుకుని ఆయన రక్తం తీసుకున్నాం. చేసిన నిర్వాకానికి అదే ప్రాయశ్చిత్తమని, సూది కాస్త లావుది పెట్టమని నేను టెక్నీషియన్‌కి సిఫారసు చేశాను. వాడు వినలేదు.

నెలనెలా తల్లే తెచ్చేది. వానలు పోయి చలి మొదలయ్యాక మళ్లీ మిషన్ పరీక్ష పెట్టాం. ఆ రోజు తల్లికి కాఫీ పళ్ల కోత ఉండి తండ్రి తెచ్చాడు. తెచ్చి, లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డాడు. అంకె గీత కిందికి దిగింది. డాక్టరుగారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. పిల్ల మాత్రం ఎంతొచ్చింది అని అడిగి, పోయినసారి కంటే తక్కువని తెలుసుకుని, మూతి ముడుచుకుని కూర్చుంది.

తండ్రికి చెప్పడానికి నేను బయటికి వెళ్లాను. వెళ్తుంటే నా కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. ఎందుకో చెబుతాను వినండి, మీకు రేపు ఇదే ఎదురవుతుంది. తగ్గిందని చెప్పిన రోజే మనకి అసలు గండం. తగ్గింది కదా, ఇంక చాలంటారు. పిల్ల బాగుంది కదా, ఇంత దూరం ఎందుకంటారు. మళ్లీ కనబడరు. రక్తం ఆపేస్తే ఆ నాళం మళ్లీ మొదటికొస్తుంది. ఎంతమందిని అలా పోగొట్టుకున్నామో మా వార్డు గోడలకి తెలుసు. ఈ మనిషైతే మొదట్నుంచీ వద్దన్నవాడే, భార్య పక్కన లేదు, ఈ పూట మాట్లాడకూడదని ఆపేవాళ్లూ లేరు.

తగ్గిందని చెప్పాను. అయినా ఆపకూడదు, నెలనెలా ఇలాగే తేవాలి, ఎన్నాళ్లో నేను చెప్పలేను అని కూడా చెప్పేశాను. ఆయన కిటికీలోంచి లోపలికి చూశాడు. పిల్ల అలక మరిచిపోయి, కణత మీది జిగురు ఎడమచేత్తో తుడుచుకుని డాక్టరుగారి కోటుకి రాస్తోంది. తండ్రి ఆ చేతినే చూశాడు.

"మల్లీ ఎప్పుడు తేవాల, సిస్టరమ్మా?" అన్నాడు.

నా సర్వీసు మొత్తంలో నాతో ఎవరూ అంత మంచి మాట అనలేదు. నాలుగు వారాలకని నాలుగు వేళ్లు ఎత్తి చూపించాను.